హోటలు తలుపు ఎవరి షరతుల మీద తెరుచుకుంటుంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రజాస్థలాలు, లైంగికత అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. రోడ్లు, బస్టాండ్లు, పార్కుల గురించి మనం ఇదివరకు చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు హోటలు గురించి మాట్లాడతాను. మన వాడుకలో హోటలంటే ముందుగా తిండి దొరికే చోటు. నేనూ ఆ అర్థంలోనే అంటున్నాను.

ఈ మధ్య నగరాల్లో కొన్ని హోటళ్ళు, కేఫులు చేతులు మారి కొత్తగా తెరిచినప్పుడు స్వలింగ ప్రేమికులకి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి స్వాగతం అని బాహాటంగా చెప్పుకుంటున్నాయి. దీన్ని చూసి మనం సంతోషించాలా, ఇదీ ఒక వ్యాపారమేనని వదిలెయ్యాలా అని నిర్వాహకులు నన్నడిగారు. ఆ ప్రశ్న తేలికైంది కాదు. దానికి జవాబు వెతకటానికి యాభై ఏళ్ళు దాటిన ఒక కథ ఎంచుకున్నాను. న్యూయార్క్‌లో ఒక పేట హోటలు మూతపడి, కొత్త యజమానుల చేతికి వచ్చి, స్వలింగ ప్రేమికుల కోసం మళ్ళీ తెరుచుకున్న కథ అది. స్టోన్‌వాల్ అనే పేరు మీలో చాలామంది వినేవుంటారు. 1969 తిరుగుబాటు జరిగిన చోటుగా విని వుంటారు. అది అంతకుముందు ఏమిటి, ఎవరిది, అక్కడ ఎవరు దేనికి ఎంత చెల్లించారు అన్న విషయాలు మనదాకా పెద్దగా రాలేదు.

ముందు రెండు మాటలు. మన పత్రికల్లో 'స్వలింగ సంపర్కులు' అన్న పదం స్థిరపడిపోయింది. ఒక మనిషి మొత్తం జీవితాన్ని సంపర్కం దగ్గరికి కుదించే పదమది. భార్యాభర్తల్ని 'పరలింగ సంపర్కులు' అని ఎవరూ పరిచయం చెయ్యరు కదా. అందుకని నేను స్వలింగ ప్రేమికులు అంటాను, లేదా వాళ్ళు తమకు తాము పెట్టుకున్న గే, లెస్బియన్ అన్న పేర్లే వాడతాను. రెండో మాట సారా గురించి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన ఉద్యమంలో పనిచేసినవాళ్ళు ఈ గదిలో వున్నారు. సారా దుకాణాలు మూయించిన మనుషుల ముందు నిలబడి ఒక బారు గురించి మాట్లాడటం నాకూ కొంచెం ఇబ్బందిగానే వుంది. కానీ కాంట్రాక్టరుకీ, పోలీసుకీ, ఎక్సైజు శాఖకీ మధ్య మామూళ్ళు ఎలా నడుస్తాయో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ తెలివిడి ఈ కథకి చాలా అవసరం.

గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో, క్రిస్టఫర్ స్ట్రీట్ 51, 53 నంబర్ల ఇల్లు అది. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన రెండు గుర్రపుశాలల్ని తర్వాత కలిపేశారు. 1934 నుంచి అక్కడ స్టోన్‌వాల్ ఇన్ పేరుతో ఒక హోటలు నడిచింది. భోజనం, మద్యం రెండూ దొరికే మామూలు పేట హోటలు. 1960ల మధ్యలో లోపల నిప్పంటుకుని మూతపడింది. 1967 మార్చి 18న మళ్ళీ తెరిచారు. ఈసారి యజమాని టోనీ లోరియా, అతని భాగస్వాములు. మాఫియా మనుషులు. తెరిచింది గే మగవాళ్ళ కోసం.

మాఫియాకి ఈ జనం మీద ప్రేమ ఎందుకు పుట్టింది? దీనికి సమాధానం మద్యం లైసెన్సులో వుంది. న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సులిచ్చే అధికార సంస్థ స్వలింగ ప్రేమికులు చేరిన చోటుని 'అక్రమ ప్రవర్తన' జరిగే చోటుగా లెక్కగట్టి లైసెన్సు రద్దుచేసే పద్ధతి వుండేది. కాబట్టి చట్టానికి భయపడే హోటలు యజమాని వాళ్ళని లోపలికి రానివ్వడు. ఒక హోటలు వాళ్ళు 'గేలు దయచేసి వెళ్ళిపోండి' అనే అర్థం వచ్చే బోర్డు కూడా పెట్టారు. 1966 ఏప్రిల్ 21న మ్యాటషీన్ సొసైటీ సభ్యులు పత్రికల వాళ్ళని వెంటబెట్టుకుని, మేం స్వలింగ ప్రేమికులం, మాకు వడ్డించండి అని అడుగుతూ ఒక్కో చోటికీ వెళ్ళారు. బోర్డు పెట్టిన ఆ హోటలు వాళ్ళు ఈ సంగతి తెలిసి ముందే తలుపులు మూసుకున్నారు. చివరికి జూలియస్ అనే బారులో, అప్పటిదాకా గ్లాసు అందిస్తున్న మనిషి ఆ మాట వినగానే గ్లాసు మీద చెయ్యి కప్పేశాడు. ఆ చెయ్యి ఫోటో ఇప్పటికీ వుంది. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకి ఆ ఫోటోకి వివరణ అక్కర్లేదు.

ఈ పోరాటాలకి నమూనా నల్లజాతి వాళ్ళ నుంచి వచ్చింది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలో తెల్లవాళ్ళ కౌంటరు దగ్గర కూర్చుని లేవమన్నారు. 1965 వసంతంలో ఫిలడెల్ఫియాలో డ్యూయీస్ అనే చిన్న హోటలు, వేషం తేడాగా వున్న కుర్రవాళ్ళకి వడ్డించనంటే అక్కడా అలాగే కూర్చున్నారు. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కాంప్టన్స్ కాఫెటీరియా అనే రాత్రంతా తెరిచివుండే చోట, తనని పట్టుకోబోయిన పోలీసు మొహాన ఒక ట్రాన్స్ స్త్రీ కాఫీ విసిరింది. స్టోన్‌వాల్ కన్నా మూడేళ్ళ ముందు సంగతి ఇది. ఈ పోరాటాలు ఇడ్లీ, కాఫీ దొరికేలాంటి చౌక చోట్లలోనే జరిగాయని మనం గుర్తించాలి. ఇంట్లోంచి తరిమేసిన పిల్లలకి రాత్రిపూట కూర్చోవటానికి అంతకుమించి చోటు లేదు.

చట్టం ఒక జనాన్ని బయటికి నెట్టేస్తే, ఆ జనానికి చోటు అమ్ముకునే వ్యాపారం చట్టాన్ని లెక్కచెయ్యనివాళ్ళ చేతికి పోతుంది. 1967లో తెరుచుకున్న స్టోన్‌వాల్ అటువంటి వ్యాపారం. మద్యం లైసెన్సు లేదు. సభ్యుల క్లబ్బు అని పేరు పెట్టి, వచ్చినవాళ్ళ చేత పుస్తకంలో సంతకం పెట్టించేవాళ్ళు. ఎవరూ అసలు పేరు రాసేవాళ్ళు కాదు. తలుపుకున్న కంతలోంచి చూసి, నచ్చినవాళ్ళనే వదిలేవాళ్ళు. వారాంతాల్లో మూడు డాలర్లు, అందులో రెండు గ్లాసుల టిక్కెట్లు. ఆ గ్లాసుల్లో నీళ్ళు కలిపిన మద్యం. బారు వెనక కుళాయి లేదు, తాగిన గ్లాసుల్ని తొట్టి నీళ్ళలో ముంచి మళ్ళీ నింపేవాళ్ళు. మరుగుదొడ్లు పొంగిపొర్లేవి. ఒకసారి తగలబడిన ఇల్లు అది, అయినా నిప్పంటుకుంటే బయటపడటానికి వేరే దారి లేదు. పోలీసులకి మామూళ్ళు ముట్టేవి. నెలకోసారి దాడి జరిగేది, ముందుగా కబురందేది, సాయంత్రం పూట జరిగేది, గంటల్లో మళ్ళీ తెరిచేవాళ్ళు. డబ్బున్న ఖాతాదారుల్ని, నీ సంగతి నీ ఆఫీసులో చెబుతానని బెదిరించి గుంజటం కూడా జరిగేదని ఈ చరిత్ర రాసినవాళ్ళు నమోదు చేశారు.

మరి ఇంత మోసం తెలిసీ జనం ఎందుకు వెళ్ళారు? నాట్యం చేసుకోవచ్చని వెళ్ళారు. ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని నాట్యం చెయ్యగలిగిన చోటు ఆ నగరంలో ఇంచుమించు అదొక్కటే. పోలీసులు వస్తున్నారంటే లోపల తెల్ల దీపాలు వెలిగేవి, జంటలు విడిపోయి నిలబడేవాళ్ళు. దీన్ని మనం తేలిగ్గా తీసెయ్యకూడదు. మన ఊళ్ళలో కూడా, రుచి బాగాలేదని తెలిసినా, డబ్బు ఎక్కువని తెలిసినా, పక్క టేబులు వాళ్ళు తేరిపార చూడరన్న ఒక్క కారణానికి కొన్ని చోట్లకి వెళ్ళే ఆడవాళ్ళు వున్నారు. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. కాసేపు మనుషుల్లా కూర్చోగలమా అన్నదే వాళ్ళ ప్రశ్న.

ఇంతకీ ఆ తలుపు ఆడవాళ్ళకి ఏమాత్రం తెరుచుకుంది? చాలా కొద్దిగా. స్టోన్‌వాల్‌కి వచ్చేవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. ఆడవేషంలో వచ్చేవాళ్ళని కొద్దిమందినే వదిలేవాళ్ళు. లెస్బియన్లకి వేరే బార్లుండేవి, అవీ మాఫియావే. అదే పేటలో సీ కాలనీ అనే చోటు గురించి రచయిత్రి జోన్ నెసిల్ రాసింది. అక్కడ మరుగుదొడ్డికి ఒక్కసారి ఒక్కరినే పంపేవాళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వెళ్తే ఏదో చేస్తారని అనుమానం. అందుకని వరస. ఆ వరస చివర ఒక మనిషి నిలబడి ఒక్కొక్కరికీ కాగితం కొలిచి ఇచ్చేది. డబ్బిచ్చి లోపలికొచ్చిన ఆడవాళ్ళకి కాగితం కొలిచి ఇవ్వటం! నా దృష్టిలో ఆ కాలపు 'స్వాగతం' అసలు స్వరూపం ఈ ఒక్క వివరంలో వుంది.

ఈ పని లెస్బియన్ల మీద మాత్రమే జరిగిందనుకోకండి. అదే నగరంలో, అవే సంవత్సరాల్లో, మగతోడు లేకుండా వచ్చిన ఏ స్త్రీకైనా చాలాచోట్ల టేబులు దొరికేది కాదు. ఒంటరిగా వచ్చిందంటే బేరానికొచ్చిందని అర్థం చెప్పేవాళ్ళు. ప్లాజా హోటల్లో ఓక్ రూమ్ అనే భోజనశాల మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడుదాకా మగవాళ్ళకి మాత్రమే. 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఆమె సహచరులు వెళ్ళి కూర్చుంటే, వడ్డించేవాళ్ళు వచ్చి వాళ్ళ ముందున్న బల్లని ఎత్తుకుపోయారు. మెక్‌సోర్లీస్ అనే పాత బారులోకి ఆడవాళ్ళు అడుగుపెట్టింది 1970 ఆగస్టులో, అదీ కోర్టుకెళ్ళాక, నగరం చట్టం చేశాక. ఆ తర్వాత అక్కడ ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి కట్టటానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది, 1986లో కట్టారు. హక్కు వచ్చింది, మరుగుదొడ్డి రాలేదు. మన కలెక్టరాఫీసుల్లో, కోర్టుల్లో పనిచేసిన ఆడవాళ్ళెవరైనా ఈ వాక్యం అర్థం చేసుకోగలరు.

ఇక్కడ చట్టం గురించి ఒక విషయం చెప్పాలి. 1964 నాటి అమెరికా పౌరహక్కుల చట్టం హోటళ్ళలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం పేరుతో వివక్ష చూపకూడదంది. ఆ జాబితాలో లింగం లేదు. ఉద్యోగాల విషయంలో పెట్టారు, హోటళ్ళ విషయంలో వదిలేశారు. మన రాజ్యాంగం 1950లోనే 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్ళు, వినోదస్థలాల ప్రవేశంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని రాసుకుంది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం హోటల్లో పాత్రల వాడకాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. గ్లాసు దాకా వెళ్ళిన చట్టం మనది. గ్లాసుల పద్ధతి ఎన్నేళ్ళు నడిచిందో, ఎక్కడెక్కడ దొంగచాటుగా నడుస్తోందో మీ సర్వేలే చెబుతాయి. అయినా ఆ మాట చట్టంలో వుండటం చిన్న విషయం కాదు. దళిత ఉద్యమం సాధించిపెట్టిన ఆ గడపమీద నిలబడే ఇవాళ మిగతావాళ్ళు తమ మాట అడగగలుగుతున్నారు.

మళ్ళీ క్రిస్టఫర్ స్ట్రీట్‌కి వద్దాం. 1969 జూన్ 28, తెల్లవారితే శనివారం, రాత్రి ఒకటి దాటాక పోలీసులు వచ్చారు. నాయకత్వం వహించిన అధికారి సీమోర్ పైన్. ఈసారి ముందుగా కబురు లేదు. ఆడ దుస్తుల్లో వున్నవాళ్ళని మరుగుదొడ్డిలోకి తీసుకెళ్ళి, వాళ్ళ శరీరం చూసి ఆడో మగో తేల్చటం అప్పటి పోలీసు పద్ధతి. ఆ రాత్రి వాళ్ళు ఒప్పుకోలేదు. బయటికి ఈడ్చుకొస్తున్న ఒక లెస్బియన్ పెనుగులాడుతూ, చూస్తున్న జనాన్ని మీరేం చెయ్యరా అని నిలదీసిందని చాలామంది సాక్షులు చెప్పారు. ఆమె ఎవరన్నదాని మీద ఇప్పటికీ వాదన వుంది. స్టార్మే డిలార్వరీ అని చాలామంది అంటారు. జనం తిరగబడ్డారు, పోలీసులు అదే బారులో దాక్కోవలసి వచ్చింది. తర్వాతి రాత్రుల్లోనూ వీధి సద్దుమణగలేదు. మార్షా పి. జాన్సన్, సిల్వియా రివేరా లాంటి పేద ట్రాన్స్ స్త్రీల పేర్లు ఆ వీధితో ముడిపడి మనకి అందాయి.

దుస్తుల మీద ఆ పోలీసుల అధికారం ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. పుట్టుకతో వచ్చిన లింగానికి తగిన బట్టలు కనీసం మూడు ఒంటిమీద వుండాలని పోలీసులు అనేవాళ్ళట. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. వాళ్ళు వాడింది 1845 నాటి మారువేషాల చట్టం. అది ఎందుకొచ్చిందంటే, కౌలు కట్టమని భూస్వాముల మీద తిరగబడ్డ రైతులు పూలపూల చీటి గుడ్డతో గౌన్లు కుట్టించుకుని మారువేషాల్లో వచ్చేవాళ్ళు. రైతుల్ని అణచటానికి చేసిన చట్టం, నూట ఇరవై ఏళ్ళ తర్వాత ఆడవేషం వేసుకున్న కుర్రవాడి మీద పనిచేసింది.

మన దగ్గర ఇలాంటిది లేదనుకోవద్దు. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీ, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ళ పేర్లు రిజిస్టరు చెయ్యాలి. ఆడ బట్టలతోనో నగలతోనో వీధిలో కనిపించినా, పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, రెండేళ్ళ దాకా జైలు. 1871లో బ్రిటిష్‌వాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం హిజ్రాల గురించే. ఇదీ ఆ కోవలోదే. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం పుస్తకంలో వుండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకి వెళ్తే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అప్పటిదాకా హైదరాబాదులో ఏ ఇరానీ హోటలు ముందైనా నిలబడ్డ హిజ్రా, చాయ్ తాగకుండానే నేరస్థురాలయ్యే వీలుంది. తెలంగాణ ప్రాంతంలో పనిచేసే మనలో ఎంతమందికి ఈ చట్టం వుందని తెలుసు? మన హక్కుల శిక్షణా పాఠాల్లో అది ఒక్కసారైనా కనిపించిందా?

స్టోన్‌వాల్ వీధిలో గొడవ జరుగుతున్న రోజుల్లో ఒక కరపత్రం పంచారు. క్రెయిగ్ రాడ్‌వెల్ అనే పుస్తకాల షాపు యజమాని రాసింది. మాఫియానీ పోలీసుల్నీ ఇద్దర్నీ మా బార్లనుంచి వెళ్ళగొట్టాలని అందులో డిమాండు. నాకు ఈ కరపత్రం చాలా ముఖ్యంగా తోస్తుంది. పోలీసుల్ని తిట్టటం ఆ క్షణంలో తేలిక. లోపల చోటిచ్చిన యజమాని కూడా ఈ అణచివేత మీదే బతుకుతున్నాడని, మనల్ని బయట కొడుతున్నంతకాలమే అతనికి మన దగ్గర మూడు డాలర్లు వస్తాయని చెప్పటానికి ఆలోచన కావాలి. సారా ఉద్యమంలో మీరు కాంట్రాక్టర్ని వదిలి తాగుబోతు మొగుణ్ణి మాత్రమే తిట్టివుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ బారు కొద్ది నెలల్లోనే మూతపడింది. ఏడాది తిరిగేసరికి, 1970 జూన్ 28న, జనం పట్టపగలు ఊరేగింపుగా నడిచారు. ఈ రోజు ప్రపంచమంతా చేసుకునే ప్రైడ్ ఊరేగింపులకి మూలం అదే.

ఇప్పుడు అదే పేటలో ఇంకో హోటలు దగ్గరికి వెళ్దాం. దాని గురించి ఎవరూ స్మారకం కట్టలేదు. 1972లో డోలరెస్ అలెగ్జాండర్, జిల్ వార్డ్ అనే ఇద్దరు స్త్రీలు ఒక పాత చిన్న హోటలు తీసుకుని, మదర్ కరేజ్ అని పేరు పెట్టి కొత్తగా తెరిచారు. అలెగ్జాండర్ అమెరికా జాతీయ మహిళా సంస్థ 'నౌ'కి మొట్టమొదటి కార్యనిర్వాహక డైరెక్టరు. 1970లో ఆ సంస్థలో లెస్బియన్ల పేరుతో రేగిన గొడవలో ఆమె బయటికి రావలసి వచ్చింది. అంటే స్త్రీల ఉద్యమమే తలుపు మూసిన ఒక స్త్రీ, స్త్రీలకోసం తలుపు తెరిచింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి సొంత పేరుమీద బ్యాంకు అప్పు దొరకటమే కష్టం. అప్పుల్లో లింగవివక్ష కూడదన్న చట్టం 1974లోగాని రాలేదు. స్నేహితుల దగ్గర అప్పులు చేసి పెట్టారు. అక్కడ ఒంటరిగా వచ్చి కూర్చున్న స్త్రీని ఎవరూ తేడాగా చూసేవాళ్ళు కాదు. ఆడా మగా కలిసివస్తే బిల్లు మగవాడి ముందు పెట్టకుండా ఇద్దరికీ సమానదూరంలో, బల్ల మధ్యలో పెట్టేవాళ్ళు. వినటానికి చిన్న సంగతి. మీ ఊళ్ళో హోటల్లో మీరు డబ్బులిస్తున్నా, చిల్లర ఎవరి చేతికిస్తాడో ఒకసారి గమనించండి.

అయిదేళ్ళు నడిచి 1977లో అది మూతపడింది. అదే ఏడాది కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే చోట సెల్మా మిరియమ్, నోయెల్ ఫ్యూరీ తదితరులు బ్లడ్‌రూట్ అనే స్త్రీవాద శాకాహార హోటలు పెట్టారు. పక్కనే పుస్తకాల షాపు. అక్కడ వడ్డించే మనిషి లేదు. ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి, తిన్నాక వాళ్ళే తీసిపెట్టాలి. ఆడవాళ్ళు జీవితమంతా వడ్డిస్తూనే వున్నారు, ఇక్కడైనా వడ్డించక్కర్లేదు అన్నది వాళ్ళ ఉద్దేశం. అది దశాబ్దాల పాటు నిలబడింది. ఈ చోట్లని నేను ఆకాశానికెత్తటం లేదు. వాటికి వచ్చినవాళ్ళలో చదువుకున్న తెల్లజాతి స్త్రీలే ఎక్కువన్న విమర్శ ఆ రోజుల్లో ఇలాంటి చోట్లన్నిటి మీదా వుంది. పైగా స్త్రీలకి మాత్రమే అన్న మాటలో ఎవరు స్త్రీ అని తేల్చేది ఎవరన్న ప్రశ్న దాక్కుని వుంది. 1973లో న్యూయార్క్ ఊరేగింపు తర్వాతి సభలో సిల్వియా రివేరా మైకు దగ్గరికి వస్తే ఈలలు వేసి అల్లరి చేశారు. ఆడవేషాలు స్త్రీలని అవమానించటమేనని అదే సభలో ఒక లెస్బియన్ స్త్రీవాద నాయకురాలు చదివింది, చాలా ఏళ్ళ తర్వాత దానికి పశ్చాత్తాపపడింది కూడా. తెలుగునాట మహిళా సంఘాలు హిజ్రాలతో కలిసి ఒక వేదిక మీద కూర్చోవటానికి ఎంత కాలం తీసుకున్నాయో మనకి తెలుసు. అందుకని ఆ ఈలలు ఎక్కడో వేశారని అనుకోకూడదు.

ఇక మన ప్రశ్న. 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షను పట్టు సడలించింది, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ బిగించింది, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలు నేరం కావని తేల్చింది. ఆ కేసులో పిటిషనర్లలో ఒకరు కేశవ్ సూరి, లలిత్ హోటళ్ళ యాజమాన్య కుటుంబానికి చెందినవాడు, తానే గే అని బాహాటంగా చెప్పుకున్న మనిషి. హోటలు యజమాని స్వయంగా కోర్టుకి వెళ్ళి పోరాడటానికీ, 1967లో మాఫియా తలుపు తెరవటానికీ చాలా తేడా వుంది. ఆ తేడాని మనం గౌరవించాలి. కానీ అయిదు నక్షత్రాల హోటల్లో ఒక కాఫీ ఖరీదు మన కార్యకర్త రోజు భత్యం కన్నా ఎక్కువ కావచ్చు. సికింద్రాబాద్ స్టేషను దగ్గర అడుక్కునే హిజ్రాకి ఆ స్వాగతం చేరే దారి ఏది? చట్టం ప్రకారమైతే 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టంలో, ప్రజలకోసం వున్న సేవల్ని వాళ్ళకి నిరాకరించకూడదన్న మాట రాశారు. 2014 నల్సా తీర్పు 15వ అధికరణంలోని 'లింగం' అన్న పదంలో జెండర్ గుర్తింపు కూడా వుందంది. అంటే సూత్రరీత్యా ఇది యజమాని దయ కాదు. హోటలువాడు రంగుల జెండా పెట్టినా పెట్టకపోయినా లోపలికి రానివ్వాలి.

ఆచరణలో మనకెదురయ్యేది గుమ్మం దగ్గర 'ఫ్యామిలీ' అన్న బోర్డు. ఆ మాట మన హోటళ్ళలో చాలా పని చేస్తుంది. మొదట ఆడవాళ్ళకి రక్షణగా వచ్చింది, తెర వేసిన గదిగా వచ్చింది. మగవాడు వెంట లేని ఇద్దరు ఆడవాళ్ళు ఫ్యామిలీయా కాదా అన్నది సర్వరు చూపులో తేలుతుంది. ఇద్దరు ప్రేమికులైన ఆడవాళ్ళకి అదే తెర ఆశ్రయం కావచ్చు, ఎవరికీ తెలియనంత కాలం. హిజ్రా వస్తే 'ఫ్యామిలీలు వున్నారమ్మా' అని బయటికి పంపటానికి పనికొచ్చేదీ ఆ మాటే. సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో స్వలింగ జంటల వివాహాన్ని గుర్తించటానికి నిరాకరించింది. కుటుంబం అన్న పదం తాళం ఇంకా అక్కడే వుంది.

కాబట్టి, కొత్త యాజమాన్యం స్వాగతం అంటే సంతోషించాలా అని అడిగినవాళ్ళకి నా అభిప్రాయం ఇది. సంతోషించండి, వెళ్ళండి, టీ తాగండి. తర్వాత వంటింటి వైపు చూడండి. అక్కడ పనిచేసేవాళ్ళలో ట్రాన్స్ మనుషులు వున్నారా, వుంటే గల్లా దగ్గర వున్నారా, ఫోటోల కోసం గుమ్మం దగ్గర మాత్రమే వున్నారా? గిన్నెలు కడిగే ఆడవాళ్ళ జీతమెంత, రాత్రి ఎన్ని గంటలకి వదులుతారు, ఇంటికెలా వెళ్తారు? పోలీసు వచ్చి ఇక్కడ ఎవరెవరు చేరుతున్నారని అడిగితే యజమాని ఏం చెబుతాడు? స్వాగతం చెప్పినవాడు రేపు అద్దె పెరిగితే, ఎవరో వచ్చి అద్దం పగలగొడితే, ఆ మాట మీద నిలబడతాడా? స్టోన్‌వాల్‌కి 2016లో జాతీయ స్మారకం హోదా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ స్మారకం గురించి ప్రభుత్వం రాసుకున్న పేజీల్లోంచి 'ట్రాన్స్‌జెండర్' అన్న మాట తీసేశారు. అక్కడ తిరగబడ్డవాళ్ళలో వాళ్ళు లేకుండా స్మారకమే లేదు. ప్రభుత్వం ఇచ్చిన స్వాగతానికే ఇంత గ్యారంటీ అయితే, అద్దె హోటలు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం మీరు గ్రూపులుగా పనిచెయ్యాలి. మీ మండలంలో, మీ పేటలో మీకు బాగా తెలిసిన ఒక హోటలు ఎంచుకోండి. పెద్దదే కానక్కర్లేదు, బస్టాండు ఎదుట టిఫిను సెంటరైనా సరే. ఎవరు లోపల కూర్చుంటారు, ఎవరు బయట నిలబడి తింటారు, ఎవరికి పార్సిలు మాత్రమే ఇస్తారు, ఆడవాళ్ళ మరుగుదొడ్డి వుందా, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, రాత్రి తొమ్మిది తర్వాత ఎవరు కనిపించరు అన్నవి రాయండి. మీరు చూసిందే రాయండి, విన్నది వేరుగా రాయండి. 15వ అధికరణం, 1955, 2019 చట్టాల తెలుగు పాఠాలు వెనక బల్లమీద వున్నాయి. ఏది దేనికి వర్తిస్తుందో తర్వాత కలిసి చూద్దాం. శిబిరానికి వచ్చిన ట్రాన్స్ మిత్రుల్ని గ్రూపుకొకరు చొప్పున పంచెయ్యకండి. ఎక్కడ కూర్చోవాలో వాళ్ళు చూసుకుంటారు.